బూజు పట్టకపోతే మొలవని విత్తనం: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో కుండీ మొక్కల గురించి రాస్తూ మధ్యలో ఒక్క వాక్యం అన్నాను: "అడవిలో ఆర్కిడ్ విత్తనం బూజు పట్టకపోతే మొలవదు." దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒక పెద్దాయన ఆ పేజీ చింపి, ఎర్ర సిరాతో దిద్ది పంపారు కూడా. "బూజు పడితే మొలవదు" అని ఉండాలట. అచ్చుతప్పు కాదండీ, నేను రాసిందే సరి. ఇరవై రెండేళ్లు టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో ఆర్కిడ్ గింజలతోనే కాపురం చేసి రిటైరైనదాన్ని. అందుకని ఈసారి పేజీలన్నీ వాటికే. గులాబీ తెగుళ్ల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్ర: మా పాఠ్యపుస్తకంలో "ఆర్కిడ్ విత్తనాల్లో అంకురచ్ఛదం ఉండదు" అని ఒక్క లైను రాసి వదిలేశారు. లోపల తిండి లేకుండా విత్తనం ఎలా మొలుస్తుంది మేడమ్?
(డిగ్రీ విద్యార్థిని)

జ: మొలవదమ్మా. అసలు కథంతా అక్కడే ఉంది.

వేరుశెనగ గింజను విడదీస్తే రెండు బద్దలుంటాయి కదా, అది తల్లి మొక్క కట్టిచ్చిన సద్దిమూట. మొలక పైకొచ్చి ఆకు విప్పుకునేదాకా ఆ మూటతో నెట్టుకొస్తుంది. ఆర్కిడ్ తల్లి మూట కట్టదు. ఉన్న బలమంతా గింజల సంఖ్య పెంచడానికే ఖర్చు చేస్తుంది. ఒక్క కాయలో వేలు, కొన్ని జాతుల్లో లక్షలు. ఒక్కో గింజ బరువు మైక్రోగ్రాముల్లో చెప్పుకోవాలి, అంటే గ్రాములో పది లక్షల వంతుల లెక్క.

నేను ల్యాబ్‌లో చేరిన మొదటి వారం, పండిన కాయ ఒకటి కాగితం మీద పెట్టి బ్లేడుతో చీల్చాను. పైన ఫ్యాను తిరుగుతోంది. లేత పసుపు పొడి పొగలా లేచింది. నా కళ్లద్దాల మీద, పక్కావిడ జుట్టు మీద, కిటికీ ఊచల మీద పడింది. మా సీనియర్ గుమ్మంలో నిలబడి "ఒక ఏడాది పంటమ్మా అది" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఫ్యాను ఆపకుండా ఏ కాయనూ ముట్టుకోలేదు.

కాగితం మడతలో మిగిలిన పొడిని సూదిమొనతో తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. మనం గింజ అనుకునేది అందులో ఏమీ లేదు. వలలా అల్లిన పల్చటి సంచి, లోపలంతా గాలి, మధ్యలో ఇరుక్కున్నట్టు ఒక చిన్న ఉండ. ఆ చిన్న ఉండనే పిండం అంటారు. మహా అయితే కొన్ని వందల కణాలు. చాలా జాతుల్లో బీజదళం ఉండదు, వేరు మొన ఉండదు. కాస్త నూనె, కాస్త ప్రోటీన్ ఉంటాయి కానీ వాటితో మొక్క దాకా వెళ్లడం అసాధ్యం. గాల్లో ఎగరడానికైతే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

తడి తగిలితే ఆ ఉండ ఉబ్బుతుంది. అక్కడితో ఆగిపోతుంది. నేలలో పాకుతున్న సరైన బూజు పోగు ఒకటి వచ్చి, దాని వెనక కొస నుంచి లోపలికి దూరితేనే ముందుకు కదులుతుంది. పోగు కణాల్లోకి వెళ్లి చుట్టలు చుట్టుకుంటుంది. పిండం దాని నుంచి చక్కెరలు, మిగతా పోషకాలు గుంజుకుని బొంగరం ఆకారంలో ఒక ముద్దలా తయారవుతుంది. దాన్ని ప్రోటోకార్మ్ అంటారు. నేల ఆర్కిడ్లలో ఈ ముద్ద నెలల తరబడి, కొన్నిట్లో ఏళ్ల తరబడి మట్టిలో చీకట్లోనే ఉంటుంది. ఆకు లేదు, పచ్చదనం లేదు. అన్నాళ్లూ దాన్ని సాకేది బూజే.

అడిగారు కాబట్టి ఇంకొక్క ముక్క. డార్విన్ ఒక యూరప్ నేల ఆర్కిడ్ కాయలోని గింజలు లెక్కపెట్టి, మొక్క మొత్తానికి 1,86,300 అని తేల్చారు. అన్నీ మొలిచి పెరిగితే ఆ ఒక్క మొక్క మునిమనవల తరానికే ప్రపంచంలోని నేలంతా దాదాపు పచ్చ తివాచీ పరిచినట్టు అయిపోతుందని లెక్క కట్టారు. మరి ఎందుకు అవడం లేదు? కారణం తెలియదనే రాశారాయన. ఆ పుస్తకం మొదట అచ్చయింది 1862లో. జవాబు దొరకడానికి ఇంకో ముప్పై ఏడేళ్లు పట్టింది.

ప్ర: ఆ జవాబు కనిపెట్టింది ఎవరు? పిల్లలకు కథలా చెప్పాలని ఉంది.
(హైస్కూల్ టీచరు)

జ: కథలాగే ఉంటుంది మాస్టారూ. సంవత్సరం 1899. ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ అనే పాతికేళ్ల కుర్రాడు సైన్యంలో తప్పనిసరి సేవ చేస్తున్నాడు. చదివింది వృక్షశాస్త్రం. వీలు దొరికినప్పుడు ఫాంటెన్‌బ్లో అడవిలో తిరిగేవాడు. అక్కడ పక్షిగూడు ఆర్కిడ్ అని ఒకటి ఉంది. మొక్కంతా తేనె రంగు, పచ్చటి ఆకన్నదే ఉండదు, నేలలో వేళ్లు పిచ్చుక గూడులా చిక్కుపడి ఉంటాయి. దాని ఎండు కాడ ఒకటి, కాయలతో సహా వంగిపోయి రాలిన ఆకుల కింద కూరుకుపోయి ఉంది. ఇంకొకరైతే కుళ్లిందని కాలితో తన్ని వెళ్లిపోయేవారు. ఇతను విప్పి చూశాడు. లోపల గింజలు గుట్టగా మొలకెత్తి ఉన్నాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే మొలకల్లో బూజు పోగులు.

తర్వాత ఆర్కిడ్ వేళ్ల నుంచి బూజును వేరు చేసి, పెంచి, గింజలతో కలిపి మొలిపించి చూపించాడు. 1911లో చనిపోయాడు, 36 ఏళ్లకే.

అంతకుముందు తోటమాలులు ఆర్కిడ్ గింజల్ని తల్లి మొక్క ఉన్న కుండీలోనే చల్లేవాళ్లు. కొన్ని మొలిచేవి. ఎందుకు మొలుస్తున్నాయో తెలియదు, చేతి చలవ అనుకోవడమే. తల్లి వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో బూజు ఉంటుందని ఇప్పుడు మనకు తెలుసు.

పిల్లలకు రెండో భాగం కూడా చెప్పండి. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త, సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ లాంటి అగార్‌లో లవణాలతో పాటు చక్కెర కలిపి, బూజు లేకుండానే ఆర్కిడ్ గింజల్ని సీసాలో మొలిపించాడు. బూజు పిండానికి ఇచ్చేదాంట్లో ముఖ్యమైనది చక్కెరేనని దీంతో అర్థమైంది. ఇవాళ నర్సరీల్లో కనిపించే ఆర్కిడ్ల వెనక ఉన్నది ఈ సీసా పద్ధతే. ఇన్నేళ్లూ నేను జీతం తీసుకున్నదీ దాని మీదే.

ప్ర: మా పెద్ద చెట్టు కొమ్మ మీద ఆర్కిడ్ పట్టింది. బదనికలాగే ఇదీ చెట్టును పీల్చేస్తుందంటున్నారు. కొట్టేయమంటారా?

జ: వద్దు. బదనిక తన వేరును కొమ్మ కర్రలోకి దించి నీళ్లూ లవణాలూ లాగుతుంది. ఆర్కిడ్ బెరడు మీద కూర్చుంటుందంతే. దాని వేళ్ల మీద తెల్లటి స్పాంజి పొర ఉంటుంది చూడండి, వాననీళ్లనూ మంచునూ పట్టుకునేది అదే. తడిపితే ఆ తెలుపు నిమిషంలో ఆకుపచ్చకు తిరుగుతుంది. అయితే అది అక్కడికి చేరడానికి, ఆ బెరడు పగుళ్లలో దానికి సరిపడే బూజు ముందే ఉండి ఉండాలి. మీ చెట్టుకు అది ఒక సర్టిఫికెట్ లాంటిది.

ప్ర: "ఆర్కిడ్, శిలీంధ్రం ప్రాణ స్నేహితులు" అని నేను వ్యాసరచన పోటీలో రాస్తే టీచరు మార్కులు తగ్గించారు. తప్పేముంది?
(తొమ్మిదో తరగతి)

జ: మార్కులు ఎందుకు తగ్గించారో నాకు తెలియదు కానీ, ఆ మాట నాకూ గిట్టదు నాన్నా. స్నేహం అనే ముందు ఒక వేరును కోసి చూడాలి.

నేల ఆర్కిడ్ వేరును, కింద వేలిగీతలు కనపడేంత పల్చగా బ్లేడుతో కోసి, గాజుపలక మీద కాటన్ బ్లూ రంగు చుక్కలో వేసి చూస్తే ఇలా కనిపిస్తుంది. వేరు అంచు నుంచి కొన్ని వరసల లోపల గుండ్రటి కణాలు. ఒక్కో కణంలో ఒక్కో ఉన్ని ఉండ. నీలం పోగులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని కణాన్ని నింపేసి ఉంటాయి. వీటిని పెలటాన్లు అంటారు. పక్క కణంలోకి చూడండి. అక్కడ ఉండ లేదు, గోధుమరంగులో నలిగిన ముద్ద ఒకటి మూలకు ఒదిగి ఉంటుంది. అది కూడా మొన్నటిదాకా ఉన్ని ఉండలాగే ఉంది. మొక్క కణం దాన్ని జీర్ణం చేసుకుంది. కొన్ని రోజుల్లోనే అయిపోతుందీ పని. ఆ తర్వాత అదే కణంలోకి ఇంకో పోగు వచ్చి మళ్లీ ఉండ చుట్టవచ్చు, మళ్లీ అరిగిపోవచ్చు. ఉండ బతికున్నప్పుడు కూడా దాని చుట్టూ మొక్క తన పొరను కప్పి ఉంచుతుంది, ఆ పొర గుండా సరుకు మారుతుంది. ఇంటికి వచ్చిన స్నేహితుడితో ఎవరైనా ఇలా ఉంటారా?

మరి బూజు ఏమన్నా తక్కువ తిందా అంటే, లేదు. ఆర్కిడ్లతో ఉండే బూజుల్లో చాలావాటిని ఒకప్పుడు రైజోక్టోనియా అనే ఒకే గంపలో వేసేవారు. ఇప్పుడు టులాస్నెల్లా, సెరాటోబసిడియం, సెరెండిపిటా అని విడగొట్టారు. వరికి పాముపొడ తెగులు తెచ్చేది కూడా ఒక రైజోక్టోనియానే. అంటే ఆర్కిడ్ దాదిగా పెట్టుకున్నది ఈ రౌడీ వంశంలోని పిల్లనే. అదుపు తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. గింజల్ని బూజుతో కలిపి మొలిపించేటప్పుడు ఓట్స్ పొడి కలిపిన పల్చటి అగార్ వాడతాం. తొందరగా పెరుగుతాయని ఒకసారి ఆ పొడి మోతాదు పెంచాను. తిండి ఎక్కువైన బూజు గింజల మీద పడింది. పది రోజులకు ప్లేట్లన్నీ తెల్లటి దూది, దాని కింద గోధుమరంగు చుక్కలు. బూజును పస్తు పెడితేనే ఆర్కిడ్ బతుకుతుందని ఆ ప్లేట్లు కడుగుతూ నేర్చుకున్నాను.

అలాగని పూర్తిగా దొంగతనం కూడా కాదు. గుడియేరా రెపెన్స్ అనే చిన్న పచ్చటి ఆర్కిడ్ మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. అందులో మొక్క తయారు చేసిన కార్బన్ బూజులోకి వెళుతుందని, బూజు నుంచి నత్రజని మొక్కలోకి వస్తుందని గుర్తులు పెట్టి చూపించారు. పచ్చటి ఆకులున్న పెద్ద మొక్క కొంత తిరిగి ఇస్తోందన్నమాట. పసితనంలో చేసిన అప్పు పెద్దయ్యాక తీర్చినట్టు. అన్ని ఆర్కిడ్లూ తీరుస్తాయని మాత్రం అనుకోకు. కింది ఉత్తరం చదువు.

ప్ర: ఆకులే లేని ఆర్కిడ్లు ఉంటాయని విన్నాను. నిజమా, లేక ఫొటోల మాయా?

జ: నిజమే. బెర్నార్ చూసిన పక్షిగూడు ఆర్కిడ్ అలాంటిదే. ఇవి చిన్నప్పుడు బూజు మీద ఆధారపడి, పెద్దయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. పత్రహరితంతో పని లేదు కాబట్టి వెలుగుతోనూ పని లేదు. పూత రోజుల్లో మాత్రం నేల పైకి కాడ పంపిస్తాయి, గింజ రాలగానే మాయం. ఏడాదికేడాది కనిపించాలన్న నియమం కూడా లేదు. యూరప్‌లో దయ్యపు ఆర్కిడ్ అని పిలిచే ఎపిపోజియం ఏఫిల్లం బ్రిటన్‌లో 1986 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందని ప్రకటించేశారు. 2009లో మళ్లీ ఒక్క మొక్క పూసింది. ఎక్కడికీ పోలేదు, నేల కిందే ఉంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది పడమటి ఆస్ట్రేలియాలో 1928లో ఒక రైతు పొలంలో బయటపడ్డ రైజాంథెల్లా. అది పువ్వు కూడా మట్టిలోనే పూస్తుంది. దాని తిండి దారి చూడండి: అక్కడ పొదలా పెరిగే మెలలూకా మొక్క ఎండలో చక్కెర తయారు చేస్తుంది, దాని వేళ్లకు పట్టిన బూజు అందులో వాటా తీసుకుంటుంది, అదే బూజు రైజాంథెల్లాలోకీ పాకి ఉంటుంది, ఆర్కిడ్ దాని దగ్గర లాక్కుంటుంది. పొద కొట్టేస్తే బూజుకు వాటా పోతుంది, ఆర్కిడ్ పోతుంది. నేల కింద జరిగే నష్టం కాబట్టి పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు.

చైనా వైద్యంలో వాడే గ్యాస్ట్రోడియా ఇంకో తమాషా. గింజ మొలవడానికి మైసీనా అనే చిన్న పుట్టగొడుగు బూజు కావాలి. దుంప పెరగడానికి అది చాలదు, ఆర్మిలేరియా కావాలి. ఆర్మిలేరియా అంటే చెట్లను చంపే బూజు. దానితోనే ఈ దుంప బలుస్తుంది. అక్కడి రైతులు ఆ బూజు పట్టించిన కర్రదుంగల పక్కన దుంపలు పాతి సాగు చేస్తారు.

పచ్చటి ఆర్కిడ్లకూ, ఈ ఆకుల్లేనివాటికీ మధ్యలో ఉన్నవీ ఉన్నాయి. సెఫలాంథెరా జాతుల్లో పచ్చటి మొక్కల పక్కనే అప్పుడప్పుడు పూర్తిగా తెల్లటివి కనిపిస్తాయి. పత్రహరితం లేని మొక్క చావాలి కదా, అవి బతికి పూస్తున్నాయి. బూజు సాకుతోంది మరి. పచ్చటివి కూడా కొంత బూజు దగ్గర తింటున్నాయని ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) లెక్కల్లో బయటపడింది.

ప్ర: కొండ మీద నుంచి తెల్ల పూల నేల ఆర్కిడ్ ఒకటి దుంపతో సహా తెచ్చి నాటాను. వేళ్లు తెగకుండా చుట్టూ జానెడు మట్టితో తెచ్చాను. మొదటి ఏడు బాగా పూసింది. రెండో ఏడు రెండాకులు వేసింది. మూడో ఏడు రాలేదు. నీళ్లు ఎక్కువయ్యాయా?

జ: నీళ్లు కాదు. మీరు బాధపడతారని తెలిసీ చెప్పక తప్పదు: మొదటి ఏడు పూసినప్పటికే అది పోయే మొక్క.

మీరు చెప్పిన పోలికలను బట్టి అది హాబెనేరియా లాంటిది. వీటి దుంప ఏడాదికొకసారి మారుతుంది. పూసే కాలంలో పాత దుంప వాడిపోతూ, పక్కన కొత్త దుంప కట్టుకుంటుంది. ఆ కొత్త దుంపలోకి బూజు రాదు, మొక్క రానివ్వదు. కాబట్టి వచ్చే సీజన్లో కొత్త వేళ్లు వేసినప్పుడల్లా బూజు మళ్లీ వచ్చి పట్టాలి. అడవిలో అది పెద్ద పని కాదు, చుట్టూ ఉన్న ఆకుల చెత్తలో, కుళ్లుతున్న పుల్లల్లో బూజు ఎప్పుడూ ఉంటుంది. మీరు తెచ్చిన జానెడు మట్టిలోనూ ఉంది. కానీ దాని మేత అక్కడే ఉండిపోయింది. పైన రాలే ఆకులు లేవు, ఆ చెట్ల నీడ లేదు. మీరు ఊడ్చి శుభ్రంగా ఉంచి ఉంటారు, ఎరువు కూడా వేసి ఉంటారు. బూజు నీరసించింది. మొదటి ఏడు పూత, పాత దుంపలో దాచుకున్నది ఖర్చు పెట్టి పూసింది. రెండో ఏడు మిగిలింది గీకి రెండాకులు వేసింది. మూడో ఏటికి డబ్బా ఖాళీ.

ఇంత ఖాయంగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ అదే చేశాను. ఎమ్మెస్సీలో ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లినప్పుడు అందరికన్నా పెద్ద కాడ ఉన్నది చూసి తవ్వాను. న్యూస్‌పేపర్ తడిపి చుట్టి, బస్సులో ఆరు గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అది పూసినప్పుడు హాస్టల్ అంతా వచ్చి చూశారు. నాకు గర్వం. రెండేళ్ల తర్వాత కుండీ బోర్లించితే లోపల ముడతలు పడ్డ తొక్క ఒకటి, గోరంత. దాని వేళ్లు కోసి చూడాలన్న ఆలోచన కూడా అప్పట్లో నాకు లేదు. పైగా నేను తవ్వింది కాయలు కట్టబోయే మొక్క. ఆ కొండ మీద ఆ ఏడు గాలికి లేవాల్సిన వేల గింజల్ని కూడా తెచ్చి హాస్టల్ కిటికీలో పెట్టానని తట్టడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

ఒకరిద్దరు తెస్తే ఏమవుతుందని అడుగుతారేమో. బ్రిటన్‌లో లేడీస్ స్లిప్పర్ అనే పసుపు ఆర్కిడ్‌ను తోటల కోసం తరతరాలుగా అలాగే తవ్వుకుపోయారు. 1917లో ఇక లేదన్నారు. 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క దొరికింది. ఎక్కడుందో బయటికి చెప్పకుండా దశాబ్దాల పాటు కాపలా కాశారు. తర్వాత లండన్‌లోని క్యూ ఉద్యానవనం ల్యాబ్‌లో గింజల్ని సీసాల్లో మొలిపించి మొక్కల్ని బయట నాటడం మొదలుపెట్టారు. దేశం దాటించే వ్యాపారం విషయంలో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్నీ తన జాబితాల్లో పెట్టింది, ఏ ఒక్క జాతినో కాదు.

మీ కుండీలోని మట్టి పారేయకండి అని రాయబోయి ఆగాను. పారేయండి, ఫరవాలేదు. అందులో ఇప్పుడేమీ లేదు.

ప్ర: మార్కెట్లో మైకోరైజా పొడి (వేళ్లతో జత కట్టే బూజు) దొరుకుతోంది కదా. అది కలిపితే అడవి ఆర్కిడ్ కుండీలో బతకదా?

జ: బతకదు. ఆ పొడుల్లో ఉండేది చాలామటుకు ఆర్బస్కులార్ రకం. పంటలకు, పళ్లచెట్లకు పనికొస్తుంది. ఆర్కిడ్లు దానితో జత కట్టవు, వాటి బూజులు పూర్తిగా వేరే కుటుంబాలవి. ప్యాకెట్ మీద ఆర్కిడ్ బొమ్మ ఉన్నా సరే, లోపల ఏ శిలీంధ్రం ఉందో పేరు చదివి కొనండి.

ప్ర: నా దగ్గర ఫాలినాప్సిస్ ఆర్కిడ్ కుండీలు నాలుగున్నాయి. మీ వాక్యం చదివాక టెన్షన్ పట్టుకుంది. వాటికీ బూజు పట్టించాలా? ఆకు మచ్చకు మందు కొడితే మంచి బూజు చచ్చిపోతుందా?

జ: టెన్షన్ పడకండి. అవి సీసాలో చక్కెర తాగి పెరిగిన పిల్లలు. ఇప్పుడు ఆకులున్నాయి, మీరు ఎరువు నీళ్లు పోస్తున్నారు, బూజు లేకపోయినా హాయిగా ఉంటాయి. మచ్చలకు మందు అవసరమైతే కొట్టుకోండి. అడవిలో నేల మీద కొట్టేటప్పుడు మాత్రం అది వేరే సంగతి, అక్కడ మందు ఎవరిని చంపుతుందో మనం ఎంచుకోలేం.

ప్ర: మా కాలేజీ వెనక గుట్ట మీద నేల ఆర్కిడ్లున్నాయి. తవ్వకుండా, ఏ చోట వాటి బూజు ఉందో, ఎక్కడ లేదో తెలుసుకునే దారి ఏదైనా ఉందా?
(బోటనీ లెక్చరర్)

జ: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. దారి ఉంది, ఖర్చు కూడా తక్కువే, కావాల్సింది ఓపిక.

బూజు ఉందో లేదో గింజనే అడగాలి. 1993లో రాస్ముస్సెన్, విగమ్ అనే ఇద్దరు ఈ పద్ధతి ప్రచురించారు. సన్నటి నైలాన్ వలగుడ్డ తీసుకుని, మడత మధ్యలో చిటికెడు ఆర్కిడ్ గింజలు పోసి, పాతకాలపు ఫొటో స్లయిడ్ ఫ్రేములో బిగిస్తారు. ఆ గుడ్డ కళ్లలోంచి గింజ బయటికి రాలేదు, బూజు పోగు మాత్రం లోపలికి వెళ్లగలదు. వాటిని గుట్ట మీద వేర్వేరు చోట్ల నిలువుగా పాతిపెట్టాలి. తల్లి మొక్క పక్కన కొన్ని, నాలుగడుగుల దూరంలో కొన్ని, అసలు ఆర్కిడ్లే లేని చోట కొన్ని. కొన్ని నెలల తర్వాత మొదటి విడత, ఏడాది దాటాక రెండో విడత తీసి, నీళ్లలో కడిగి మైక్రోస్కోప్ కింద చూడాలి. గింజ అలాగే ఉందా, ఉబ్బి ఆగిందా, ముద్ద కట్టిందా. ముద్ద కట్టిన చోట బూజు ఉన్నట్టే. సాధారణంగా తల్లికి దగ్గర్లో ఎక్కువ మొలకలు కనిపిస్తాయి. మొక్కలు లేని చోట కూడా మొలిచాయంటే, అక్కడ బూజు ఉంది, కొరత గింజలకే అని అర్థం.

గింజల కోసం ఒకే మొక్క నుంచి ఒక్క కాయ కోయండి, మొత్తం కోయకండి, అటవీ శాఖ అనుమతి కావాల్సిన చోటైతే ముందు అది తీసుకోండి. కాయ చీలడానికి ముందే కోసి కాగితం కవర్లో ఆరబెట్టండి, ప్లాస్టిక్‌లో పెడితే బూజు పడుతుంది. ఇది వేరే బూజు, పనికిరానిది. గింజలు పోసేటప్పుడు ఫ్యాను ఆపండి.

నేను చివరిసారి ఇలా ముప్పై ఆరు ఫ్రేములు పాతాను. పద్నాలుగు నెలల తర్వాత తీయడానికి వెళ్లాం. మొదటి పన్నెండింటిలో ఏమీ లేదు. పదమూడో దాన్ని కడిగి గుడ్డ విప్పితే, బియ్యపు నూకంత తెల్లటి ముద్దలు మూడు. వాటి కింది వైపు సన్నటి నూగు. నాతో వచ్చిన కుర్రాడు ఇదేనా మేడమ్ అని నిరాశగా అడిగాడు. ఇదే నాయనా, అన్నాను. సాయంత్రానికి ముప్పై మూడు ఫ్రేములు తీశాం, అయిదింటిలో మొలకలున్నాయి. మిగతా మూడూ దొరకలేదు, గుర్తు కోసం పాతిన వెదురు పుల్లల్ని చెదలు తినేశాయి. మీరు ఇనప మేకులు వాడండి.